నేనే రాశానండి

అమ్మ పోయాక చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూటం అయిపోయి, వచ్చిన బంధువులు ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయాక, నర్సీపట్నంలోని మా ఇంట్లో ఆవిడ ఇనప్పెట్టె తెరిచాను. పైన రెండు నేత చీరలు, వాటి మడతల్లో కలరా ఉండలు, నాన్న కళ్ళజోడు, ఆదివారపు బడిలో నాకిచ్చిన బహుమతి కార్డులు. అన్నిటికన్నా అడుగున, పాత పేపర్లో చుట్టిన ఒక ఠావు కాగితం. బస్టాండు ఎదురుగా ఉండే ఫొటో స్టూడియోలో నాన్న దానికి లామినేషన్ చేయించి ముందుగదిలో మేకుకి తగిలించారు. ఆయన పోయాక గోడలకి సున్నం వేయించినప్పుడు అమ్మ దాన్ని దించింది. మళ్ళీ తగిలించలేదు. ఎక్కడ పెట్టావని నేనూ అడగలేదు. కాగితం నిండా నీలం సిరాతో నా గుండ్రటి దస్తూరీ, అంచున ఎర్ర సిరాతో యూనివర్సిటీలో మాకు ఆల్జీబ్రా చెప్పిన మాస్టారు రాసిన ‘ఎక్సలెంట్’ అనే ఒక్క మాట. ముప్ఫై ఏళ్ళవుతున్నా ఆ ఎరుపు వెలిసిపోలేదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ కాగితం చూపించి నాన్న ఒక కథ చెప్పేవారు. ఆ కథ నిజం కాదు. అసలు జరిగిందేమిటో నాకు తెలుసు, అమ్మకి తెలుసు, ఇంకొక మనిషికి తెలుసు. నాన్నకి చెప్పే ధైర్యం ఆయనున్నన్నాళ్ళూ రాలేదు.

నాన్న సబ్ రిజిస్ట్రారు ఆఫీసు బయట రేకుల పందిరి కింద కూర్చుని దస్తావేజులు రాసేవారు. పొద్దున్నే లేచి పెన్నుల పాళీలు వేణ్ణీళ్ళలో కడిగి, చిరిగిన పంచె ముక్క మీద వరసగా ఆరబెట్టేవారు. మా ఇంట్లో అన్నం ఉడికే వాసనకన్నా ముందు సిరా వాసన లేచేది. అమ్మ చోడి అంబలి గిన్నె తెచ్చి ఆయన పక్కన పెడితే, చేతులకి అంటిన సిరా గిన్నెకి తగలకుండా రెండు అరచేతుల మధ్య పట్టుకుని తాగేవారు. పంక్తి చివర జానెడు ఖాళీ మిగిలితే అడ్డంగా గీత కొట్టేసేవారు, తర్వాత ఎవరూ ఏమీ చేర్చకుండా. “రాత తిన్నగా ఉంటే మనిషి తిన్నగా ఉన్నట్టే” అనేవారు. నేను ఆ మాట నమ్మి పెరిగాను. నా దస్తూరీ ఆయన దిద్దిందే.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి చాప పరిచి కుటుంబ ప్రార్థన. పాట అయ్యాక ఒక్కొక్కరూ ఒక బైబిలు వాక్యం చూడకుండా చెప్పాలి. నేను వాక్యంతో ఆగేదాన్ని కాదు, అధ్యాయం మొత్తం ఊపిరి బిగబట్టి అప్పచెప్పేదాన్ని. అర్థం ఎవరూ అడగలేదు. బహుమతి కార్డులన్నీ అలా వచ్చినవే. మా ఊళ్ళోనే డిగ్రీలో చేరాక లెక్కలూ అలాగే నేర్చుకున్నాను. లెక్చరరు గారు నోట్సు చెప్పేవారు, మేం రాసుకునేవాళ్ళం. ఒక సిద్ధాంతం, దాని కింద రుజువు, చివర ‘నిరూపించబడినది’. ఇంటికొచ్చాక నాన్న నోటుబుక్కు పట్టుకుని వరస కింద వేలు పెట్టి వినేవారు. ఆయనకి లెక్కలు ఒక్క ముక్క రావు. కానీ “ఇక్కడ ‘కావున’ మర్సిపోయావమ్మా” అని పట్టేసేవారు. మూడేళ్ళూ కాలేజీలో లెక్కల్లో ఫస్టు నేనే. రుజువంటే కావునలు తప్పిపోకుండా అప్పచెప్పడమని మా ఇద్దరికీ గట్టి నమ్మకం.

ఆ నమ్మకంతోనే విశాఖలో యూనివర్సిటీకి వెళ్ళి ఎమ్మెస్సీలో చేరాను. మొదటి నెలలోనే ఆల్జీబ్రా మాస్టారు నన్ను పేరుపెట్టి పిలిచి ఒక సిద్ధాంతం బోర్డు మీద రాయమన్నారు. ఎక్కడా ఆగకుండా గబగబా రాసేశాను. ఆయన నాలుగో వరస కింద గీత గీసి, “ఇది ఎందుకు నిజం?” అన్నారు. నేను నాలుగో వరస పైకి చదివాను. “చదవమనలేదమ్మా. ఎందుకు అని అడిగాను.” ఏం చెయ్యాలో తోచక మొదటి వరస నుంచి మళ్ళీ అందుకున్నాను, ప్రార్థనలో వాక్యం మధ్యలో తడబడితే మొదటికి వెళ్ళినట్టు. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. డస్టరు తీసుకుని నేను రాసిన అక్షరాలు తుడిచి వాటి చోట వేరే అక్షరాలు పెట్టి, “ఇప్పుడు కొనసాగించండి” అన్నారు. అవే మాటలు, పేర్లు మాత్రం మారాయి. నేను సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయాను. నాకు లెక్కలు రావన్న సంగతి నాకు తెలిసింది ఆ రోజే. తరగతి మొత్తానికీ అదే నిమిషంలో తెలియడం నేను భరించలేకపోయాను.

నూకరత్నం నాకు పరిచయమైంది బస్సులో. రోలుగుంట అవతల చిన్న పల్లె వాళ్ళది. వరి, చెరకు, కొంచెం జీడితోట. మా క్లాసే, హాస్టల్లో నా పక్క గదే. సెలవులకి ఇద్దరం ఒకే బస్సులో నర్సీపట్నం వచ్చేవాళ్ళం. అక్కణ్ణుంచి ఆమె ఇంకో బస్సెక్కాలి. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదువుకుంది. ఇంగ్లీషులో ఒక వాక్యం రాయాలంటే పెన్ను కొరుక్కుంటూ కూర్చునేది, చివరికి సగం తెలుగు కలిపి రాసేది. మాటలో మాత్రం తడబాటు లేదు. నేను బోర్డు దగ్గర నిలబడిపోయిన రోజు సాయంత్రం నా గదికొచ్చి, “ఒలే శాంతా, అంత పొడుగు రుజువు ఎలాగ గుర్తెట్టుకున్నావే? నాకయితే రెండు వరసలు గుర్తుండవు. పెతీసారీ మొదట్నుంచీ ఆలోసించుకోవాల” అంది. మెచ్చుకోలుగానే అంది. ఆ మాట విని మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను.

దసరా సెలవులకి ముందు మాస్టారు ఒక ప్రశ్న ఇచ్చారు. ఏ పుస్తకంలోనూ వెతకొద్దు, ఎవరికి వారు విడిగా రాసి తేవాలి, దీనికి ఇంటర్నల్ మార్కులున్నాయి అన్నారు. ప్రశ్న లెక్కలు రానివాళ్ళకి కూడా చెప్పొచ్చు. ఒక గుంపులో ప్రతివాళ్ళకీ ఒక జోడీ ఉంటుంది. నువ్వు నాకు జోడీ అయితే నేనూ నీకు జోడీనే. కొందరికి మాత్రం తమకి తామే జోడీ. గుంపులో పెద్ద ఒకరున్నారు, ఆయన తనకి తనే జోడీ అని ముందే తెలుసు. గుంపులో మొత్తం సంఖ్య సరిసంఖ్య అయితే, పెద్ద కాకుండా ఇంకొకరైనా తమకి తామే జోడీగా ఉండితీరతారని నిరూపించాలి. నేను రెండు రోజులు నోటుబుక్కులన్నీ తిరగేశాను. అలాంటిది ఎక్కడా లేదు. లేనిదాన్ని అప్పచెప్పడం ఎలాగో నాకు తెలీదు.

మేం నర్సీపట్నంలో దిగేసరికి తుపాను పట్టింది. వాగు పొంగి రోలుగుంట బస్సు ఆగిపోయింది. రత్నం మూడు రోజులు మా ఇంట్లోనే ఉండిపోయింది. అమ్మకి ఆ పిల్ల బాగా నచ్చింది. ఆనపకాయలో ఎండు రొయ్యలు వేసి వండితే రెండోసారి అడిగి వేయించుకుందని నెలల తరబడి చెప్పుకుంది. బుధవారం మధ్యాహ్నం మా ఇంట్లో స్త్రీల కూడిక. వాన కదా, వచ్చినవాళ్ళందరూ చెప్పులు గుమ్మం బయట వదలకుండా వీధి అరుగు మీదికి తెచ్చి గుట్టగా పడేశారు. లోపల పాటలు. తనది వేరే మతం కాబట్టి లోపలికి రావాలో వద్దో తెలియక రత్నం అరుగు మీదే కూర్చుని, ఊరికే ఉండలేక, తడిసిన చెప్పులు ఏరి జతలుగా పేరుస్తోంది. నేను గుమ్మంలో కూర్చుని అటూ ఇటూ వింటున్నాను.

“శాంతా, ఇటు రాయే బేగి” అంది కాసేపటికి. వెళ్ళాను. “ఇక్కడున్నయ్యి ముప్పై నాలుగు. సరి సంఖ్య. మీ వీధి తలుపు కొట్టుకోకుండా కింద ఓ ఒంటి సెప్పు దోపినారు సూడు, అదీ కలిపే లెక్కెట్టినాను. దానికి జత లేదని నాకు తెల్సు. మరయితే ఈ గుట్టలో ఇంకో ఒంటిది ఉండాల. ఉండి తీరాల. నాను ఇంకా ఎతకలేదు, అయినా ఉన్నాదని తెల్సిపోనాది.” వెతికాం. పాస్టరమ్మగారి ఎడమ చెప్పు ఉంది, కుడిది లేదు. వీధికుక్క ఎత్తుకుపోయి పక్కింటి దడి దగ్గర పడేసింది. రత్నం ఆ చెప్పు చేత్తో పట్టుకుని వానలో అలాగే నిలబడి, “అదేనే. మేస్టారి లెక్క ఇదేనే. జతలన్నీ తీసీ. మిగిలినవి సరి సంఖ్యే అవ్వాల. పెద్దాయన ఒకడు మిగిలినాడు కాబట్టి ఇంకొకడు మిగలాల” అంది. వంటింటి గుమ్మం దగ్గర టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని అమ్మ ఇదంతా చూస్తోంది. నాకు ఆ నిమిషంలోనే మొత్తం అర్థమైంది. ఆ అర్థమైన సంతోషం ఎంతసేపు ఉందో చెప్పలేను. వెంటనే మనసులోకి వచ్చింది, ఇది నాకెందుకు తట్టలేదన్నది.

ఆ సాయంత్రం నాన్న పెన్నుతో, ఠావు కాగితం మీద, దాన్ని నేను ఇంగ్లీషులో రాశాను. రత్నం చెప్పింది చెప్పినట్టు కాదు. ఎక్కడ గుంపుని విడగొట్టాలి, దేన్ని ఏ అక్షరంతో పిలవాలి, అవన్నీ నా మాటలు. బాగానే రాశాను. రత్నం చూసి, “ఇద్దరి పేర్లూ రాసీ” అంది. “ఎవరిది వాళ్ళు విడిగా ఇమ్మన్నారుగా” అన్నాను. అది నిజమే. “అదీ నిజమేలే” అంది. వాన తగ్గాక ఆమె ఊరెళ్ళింది. సెలవులయ్యాక నాకంటే ఒక రోజు వెనక హాస్టలుకి వచ్చింది. అప్పటికే నా కాగితం ఇచ్చేశాను. నా దగ్గరున్న చిత్తుప్రతి అడిగింది. “నీ ఇంగ్లీసు ఎత్తి రాసుకుంటానే, ఏటనుకోవు కదా?” అంది. “అనుకోడానికేటుంది, రాసుకో” అన్నాను. రాసుకుంది, కామాలతో సహా.

వారం తర్వాత మాస్టారు రెండు కాగితాలు చేతిలో పట్టుకుని క్లాసుకి వచ్చారు. మా ఇద్దర్నీ నిలబెట్టారు. “ఈ రెండూ ఒకటే. ఒక్క మాట తేడా లేదు” అని, నావైపు తిరిగి, “శాంతకుమారిగారూ, ఇది ఎవరు రాశారు?” అన్నారు. నాకు ఆలోచించుకోడానికి కావలసినంత సమయం ఉంది. ఆయన తొందరపెట్టలేదు. “నేనే రాశానండి” అన్నాను. ఆయన రత్నం వైపు తిరిగారు. “మీరు చెప్పండి. ఈ మాటలు ఎవరివి?” రత్నం గొంతు సరిచేసుకుంది. “మాటలు శాంతవేనండి. లెక్కయితే...” “మాటలు ఆవిడవేనని మీరే అంటున్నారు కదా. చాలు, కూర్చోండి.” రత్నం కూర్చోలేదు. నావైపు చూసింది. నేను బల్ల మీద గీతలు చూస్తున్నాను. మెల్లిగా కూర్చుంది. ఆమెకి సున్నా వేశారని ఆయన అందరిముందూ చెప్పారు. నా కాగితం నాకు ఇచ్చేస్తూ, “మొదటి నెలలో మిమ్మల్ని తక్కువ అంచనా వేశాను” అన్నారు. వెనక బెంచీల్లో ఈసారి ఎవరూ నవ్వలేదు. అందుకే అన్నాను కాబోలు ఆ మాట. ఆ నవ్వు మళ్ళీ వినకుండా ఉండడానికి.

నేను చెప్పిన వాక్యంలో అబద్ధం లేదు. ఎన్ని రాత్రులు తిప్పి తిప్పి చూసుకున్నా లేదు. రాసింది నేనే. రత్నం చెప్పిన వాక్యంలోనూ అబద్ధం లేదు. రెండు నిజాలు ఒకదాని కింద ఒకటి పేర్చితే మాస్టారికి అబద్ధం వచ్చింది. దాన్ని సరిచెయ్యడానికి కావలసిన మూడో వాక్యం నా నోట్లో ఉంది. క్లాసయ్యాక వరండాలో ఆమె వెనక పరుగెత్తాను. “రత్నం, నేను సార్‌కి చెప్తానే” అన్నాను. ఆమె నడుస్తూనే, “ఎప్పుడు?” అంది. “రేపు.” మర్నాడు నిజంగానే ఆయన గదికి వెళ్ళాను. రత్నం వరండా చివర నిలబడింది. నేను తలుపు దగ్గరికి వెళ్ళగానే ఆయన తలెత్తి, “రండమ్మా, మీకోసమే ఒక పుస్తకం తీసిపెట్టాను” అన్నారు. పుస్తకం తీసుకున్నాను. థాంక్స్ చెప్పాను. బయటికి వచ్చాను. రత్నం నా మొహం చూడలేదు, పుస్తకం చూసింది. ఏమీ అడగకుండా వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నాలుగు బెంచీల వెనక్కి మారిపోయింది. సెలవులకి నేనెక్కిన బస్సు వదిలేసి తర్వాత బస్సు ఎక్కేది.

ఆ తర్వాతి సెలవులకి ఇంటికెళ్తే, నా సంచిలోంచి బట్టలు తీస్తూ నాన్న ఆ కాగితం చూశారు. ఎర్రసిరా మాట చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. “ఇది నువ్వు సొంతంగా రాసిందేనా అమ్మా? నోట్సులోది కాదు కదా?” అన్నారు. నేను తలూపాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి, “ఏటది?” అని అడిగి, నాన్న చెప్పింది విని, “అది ఆ రత్నం కదే, సెప్పుల కాడ కూకుని కనిపెట్టినాది?” అంది. “నీకు తెలీదమ్మా. ఇవి లెక్కలు” అన్నాను. ఇప్పటికీ చెవిలో మోగేది ఆ మాటే. మాస్టారి ముందు అన్నది భయంతో అన్నాను. ఇది భయంతో అన్నది కాదు. నాలుగో తరగతితో బడి మానేసిన అమ్మని, చూసింది చూసినట్టు చెప్పినందుకు, నోరు మూయించాను. ఆ ఆదివారం నాన్న చర్చిలో లేచి నిలబడి దేవుడికి కృతజ్ఞత చెప్పారు. ఆ తర్వాత కాగితం గోడెక్కింది. ఎవరైనా వచ్చినప్పుడు నాన్న ఆ కథ మొదలుపెట్టగానే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. టీ పెట్టడానికి అనుకునేవారు వచ్చినవాళ్ళు. వాన పట్టినప్పుడల్లా, “ఆ పిల్ల మళ్ళీ రాలేదేటే?” అనేది. సమాధానం కోసం ఆగేది కాదు.

నేను రుజువులు రాయడం నేర్చుకున్నది ఆ తర్వాతే. ఎవరూ నేర్పలేదు. మాస్టారు ఇచ్చిన పుస్తకంలో మొదటి లెక్క దగ్గర కూర్చుని, ఒక వరస రాసి, దాని కింద వేలు పెట్టి, ఎందుకు అని నన్ను నేనే అడిగేదాన్ని. జవాబు రాకపోతే కొట్టేసేదాన్ని. నా జీవితంలో మొదటిసారి నా కాగితాలు కొట్టివేతలతో నిండిపోయాయి. నాన్న చూస్తే బాధపడేవారు. సొంతంగా చేసిన మొదటి లెక్క జవాబు మూడు వరసలు, పట్టింది ఎనిమిది రోజులు. దాన్ని ఎవరికైనా చూపించాలనిపించింది. ఎవరికి చూపిస్తే బాగుంటుందో ఆ మనిషి నాలుగు బెంచీల వెనక ఉంది. ‘స్పష్టం’, ‘సులభంగా చూడవచ్చు’ లాంటి మాటలు రాసి మళ్ళీ కొట్టేసేదాన్ని. ఆ మాటల వెనక ఏం దాచొచ్చో నాకు తెలుసు. చదువులో పైకొచ్చాను. మాస్టారి దగ్గరే రీసెర్చి చేశాను, లెక్చరరునయ్యాను. ఇప్పుడు నా స్టూడెంట్లు సెల్‌ఫోన్లో ఒకరి జవాబు ఇంకొకరు ఫొటో తీసుకుని దిద్దకుండా పంపుతారు. తోటి లెక్చరర్లు చిరాకుపడతారు. నేను కోప్పడడానికి నోరు తెరిచి మూసేసుకుంటాను. రెండు కాగితాలు ఒకేలా వస్తే ఇద్దర్నీ విడివిడిగా పిలిచి, వాళ్ళకొచ్చిన భాషలోనే చెప్పమంటాను, ఎంతసేపైనా వింటాను. నాకు మంచి టీచరని పేరు. ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్ళకి తెలీదు.

ఉద్యోగంలో చేరిన కొన్నేళ్ళకి, మాకవరపాలెంలో హైస్కూళ్ళ పిల్లల లెక్కల ప్రదర్శనకి నన్ను జడ్జిగా పిలిచారు. చార్టుల ముందు పిల్లలు నిలబడ్డారు. ఒక అమ్మాయి త్రిభుజంలో మూడు కోణాల మొత్తం గురించి చెప్పింది. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి, ఎక్కడా తడబడకుండా, గొంతు పైకీ కిందికీ పోకుండా. నిర్మాణంలో పై కొనమీదుగా ఒక గీత గీసింది. “ఈ గీత ఎందుకు గీశావమ్మా?” అన్నాను. పిల్ల ఒక్క క్షణం ఆగి, “దత్తాంశం” అంటూ మొదటినుంచి అందుకుంది. మళ్ళీ అడిగితే నా భుజం మీంచి వెనక్కి చూసింది, వాళ్ళ టీచరు కోసం. తిరిగి చూశాను. నూకరత్నం.

ఎమ్మెస్సీ సెకండ్ క్లాసులో పాసై, బీఎడ్ చేసి, ఆ స్కూల్లో చేరిందట. మధ్యాహ్నం స్టాఫ్ రూంలో ఎవరూ లేనప్పుడు క్యారేజీ విప్పి నాకూ ఒక మూతలో అన్నం పెట్టింది. “నీకు గుర్తుందా” అని మొదలుపెట్టాను. “గుర్తు లేకేటి” అంది. నేను చెప్పాలనుకున్నదంతా చెప్పాను. ఆమె తింటూ వింది. తర్వాత అంది: “నువ్వు అబద్దం సెప్పుంటే బాగుణ్ణే శాంతా. పట్టుకుని అడిగీదాన్ని. నువ్వు నిజవే సెప్పినావు. నన్నడిగితే నానూ నిజవే సెప్పినాను. ఇంక ఏటని తగువాడతాను?”

“నా పిల్లని నువ్వడిగినప్పుడు సూసినాను” అంది మళ్ళీ. “ఎందుకు గీసినావని. ఆ పిల్లకి తెలీదు. నానే సెప్పలేదు. ఆ ఏడు తర్వాత నాను సొంతంగా ఒక్క లెక్కా రాయలేదే. గైడులో ఎలాగుంటే అలాగ, కామా కూడా మార్సకుండా. అలాగ రాస్తే ఇవి ఎవులి మాటలూ అని ఎవులూ నిలబెట్టి అడగరు. పిల్లలకీ అలాగే సెప్తన్నాను. మార్కులొస్తన్నాయి.” కోపంగా అనలేదు. పెరుగు కలుపుకుంటూ అంది. అన్నాళ్ళూ నేను దొంగిలించింది ఒక లెక్కనీ కొన్ని మార్కుల్నీ అనుకున్నాను. అప్పచెప్పడం తప్ప ఏమీ రాని నేను ఆలోచించడం నేర్చుకుని పైకొచ్చాను. పుట్టుకతో ఆలోచన వచ్చిన మనిషి అప్పచెప్పడంలోకి వెళ్ళి తలదాచుకుంది. “సార్‌కి ఉత్తరం రాస్తాను” అన్నాను. “రాయి” అంది, ఎప్పుడని అడగలేదు.

ఆ వారమే మా ఇంట్లో కూర్చుని రాశాను. మూడు చిత్తుప్రతులు చింపి నాలుగోది నిలబెట్టాను. పోస్టు చేసేముందు ఆమెకి చూపించాలనిపించి శనివారం మాకవరపాలెం బస్సెక్కాను. స్కూల్లో పరీక్ష కాగితాలు దిద్దుతోంది. ఉత్తరం తీసుకుని, చేతిలో ఎర్రపెన్ను అలాగే పట్టుకుని చదివింది. ఒకచోట ఆగింది. “‘తుపాను రోజుల్లో మా ఇంట్లో ఈ రుజువు కనుక్కోవడం జరిగింది.’ జరిగిందా? ఎవులు కనుక్కున్నారు?” కింది వరసకి వెళ్ళింది. “‘తరగతిలో అపార్థం చోటుచేసుకుంది.’ దానికి సోటు ఎవులు సేసినారు?” ఆ రెండు వాక్యాల కిందా గీతలు గీసి, పెన్ను నాకిచ్చింది. ఎన్నేళ్ళ తర్వాతో ఆమె ఒక వరస కింద గీత గీసి ప్రశ్న అడగడం అదే మొదటిసారేమో, నాకు తెలీదు. బల్ల అంచు మీద కాగితం పెట్టుకుని, ఆ రెండూ కొట్టేసి, పైన రాశాను: ‘ఈ రుజువు నూకరత్నం కనుక్కుంది. అది తెలిసి కూడా నేను దాచాను.’ చాలా చిన్న వాక్యాలు. అవి రాయడానికి పట్టిన సేపూ ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఉత్తరానికి మాస్టారి నుంచి జవాబు రాలేదు. ఆయన చదివారో లేదో, చదివినా ఆయనకి రత్నం అంటే ఏ అమ్మాయో గుర్తుందో లేదో తెలీదు. రత్నం ఆ తర్వాత ఒక్కసారే మా ఇంటికొచ్చింది, అమ్మ పోయినప్పుడు. అమ్మ కాళ్ళ దగ్గర చాలాసేపు కూర్చుంది. నాతో ఎక్కువ మాట్లాడలేదు.

ఆ శనివారం మాత్రం, నేను రాసింది తీసుకుని మళ్ళీ మొదటినుంచి చివరిదాకా చదివింది. బాగుందనలేదు, బాగులేదనలేదు. మడిచి నా చేతికిచ్చింది. నన్ను క్షమించావా అని అడగబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాను. గంట కొట్టారు. లేచి కాగితాల కట్ట చంకన పెట్టుకుంది. “పోస్టు డబ్బా బజార్లో ఉన్నాది. ఇప్పుడెల్తే మూడు గంటలకి ఉత్తరాలు తీసీలోగా అందుతాది. బేగెల్లు” అంది. నేను ఇంకా కూర్చునే ఉండడం చూసి, తలుపు దగ్గర ఆగి, నేను లేచేదాకా అక్కడే నిలబడింది.